పదాలు వెతికిన దొర: చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

పత్రికలో వచ్చే ఇంగ్లీషు పదకేళిని మీరు ఎప్పుడైనా చూశారా? ఐదు గళ్ళు ఇస్తారు. మాటలో ‘క్యూ’ అక్షరం ఉండాలంటారు. మీరు నిఘంటువు తీసి ‘క్యూ’ పుటల్లో వెతికితే క్వీన్ అనే మాట దొరుకుతుంది. లెక్కపెట్టండి, దాని ఇంగ్లీషు స్పెల్లింగులో సరిగ్గా ఐదు అక్షరాలు. మరి ‘క్యూ’ రెండో గడిలో ఉండాలంటే? ఈక్వల్ అనే మాట సరిపోతుంది. కాని అది ‘క్యూ’ పుటల్లో కనిపించదు. దానిని ‘ఈ’ అనే అక్షరం కింద వెతకాలి. నిఘంటువు మొదటి అక్షరం తెలిసినవారికే తలుపు తీస్తుంది. తక్కిన గళ్ళు మనం ఆలోచించి నింపుకోవాలి. ఒక చిన్న ఉపాయం మాత్రం ఉంది. ఇంగ్లీషులో ‘క్యూ’ తరువాత దాదాపు ఎప్పుడూ ‘యు’ వస్తుంది. ఒక గడి నిండితే రెండు నిండినట్లే.

ఇలా అక్షరాలు పట్టుకొని మాటను వెతకడం మనకు ఇప్పుడు మామూలు విషయం. తెలుగు మాటలకు ఆ వసతి కలిగించడానికి తన జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించిన ఒక ఆంగ్లేయుని కథ ఇప్పుడు చదవండి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. అదే నేటి కోల్‌కతా. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. 1800లో అక్కడ ఫోర్ట్ విలియం కళాశాల ఏర్పడినప్పుడు ఆయన దాని పాలనాధికారి అయ్యారు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడం ఆ కళాశాల పని. ఇంట్లోనూ అదే వాతావరణం. హీబ్రూ, అరబ్బీ, పారశీ, హిందుస్తానీ చిన్నతనంలోనే చార్లెస్ చెవిన పడ్డాయి. తెలుగు మాత్రం లేదు. 1812లో తండ్రి చనిపోయారు. కుటుంబం ఇంగ్లండు చేరింది. హేలీబరీలో చదువు ముగించి, 1817లో ఆయన కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగారు.

తెలుగు అక్షరాలు ఆయన నేర్చింది అక్కడే. వెలగపూడి కోదండరామ పంతులు గురువు. 1820లో కడపకు ఉద్యోగం మీద వెళ్ళారు. అక్కడ రైతులు కచేరీకి వచ్చి చెప్పుకొనే మాటలు వేరు, మద్రాసులో చదివిన గ్రంథాల మాటలు వేరు. అర్జీ పెట్టుకున్న మనిషి ఏమంటున్నాడో తెలియకపోతే న్యాయం ఎలా చెప్పగలరు? మాట కోసం ఆయన వెతుకులాట అలా మొదలయింది.

ఆ కాలంలో మాటను ఎలా వెతికేవారో మీకు చెప్పాలి. సంస్కృతం చదివేవారు అమరకోశాన్ని కంఠస్థం చేసేవారు. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం ఉండేది. ఇవి పద్యాల్లో ఉన్న నిఘంటువులు. దేవతల పేర్లు ఒకచోట, మనుషులకు సంబంధించినవి మరొకచోట. అంటే అర్థం తెలిసినవాడికి మాట దొరుకుతుంది. మాట మాత్రమే తెలిసి అర్థం తెలియనివాడికి దారి లేదు. పద్యం రాసేవారికి ఈ పద్ధతి బాగానే పనికివచ్చింది. ప్రాస కోసం రెండో అక్షరంలో ఫలానా హల్లు ఉండాలి, గణం కోసం ఇన్ని అక్షరాలే ఉండాలి. ఒక రకంగా అదీ పదకేళే! బ్రౌన్ ఈ ఛందస్సు మీద కూడా ఒక పుస్తకం రాసి 1827లో అచ్చువేశారు.

అకారాది క్రమాన్ని తెలుగుకు మొదట తెచ్చింది బ్రౌన్ కాదు. ఆ పని ఆయనకన్నా ముందే మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య ఆంధ్రదీపికలో చేశారు. 1821లో క్యాంబెల్ దొర అచ్చువేసిన నిఘంటువుకు వెంకయ్య కృషే ఆధారం. వెంకయ్య పేరు నేడు చాలామందికి తెలియకపోవడం విచారకరం.

బ్రౌన్ చేసిన గొప్ప పని మాటలను పోగుచేయడం. కడపలో బంగళా కొని, పండితులను పెట్టుకొని, జీతాలు తన జేబులోంచి ఇచ్చారు. తాటాకు ప్రతులు తెప్పించి, తప్పులు సరిచూపించి, కొత్త ప్రతులు రాయించారు. జనం ఆ బంగళాను బ్రౌన్ కాలేజీ అన్నారు. 1829లో 693 వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించారు. అప్పులూ పెరిగాయి. 1834లో ఉద్యోగం పోయింది. లండన్ వెళ్ళి అక్కడి కంపెనీ గ్రంథాలయంలో మూలపడి ఉన్న రెండువేలకు పైగా దక్షిణదేశపు గ్రంథాలను బయటికి తీశారు. అవి తరువాత మద్రాసు చేరాయి. 1837లో ఆయనా తిరిగివచ్చారు.

1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో వెలువడింది. కావ్యాల మాటల పక్కనే వంటింటి మాట, పొలం మాట చోటు చేసుకున్నాయి. కచేరీల్లో వాడే పారశీ, హిందుస్తానీ మాటలకు 1854లో విడిగా మరొక నిఘంటువు వేశారు. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కూడా ఆయన చేసిందే. అందులో వెతికేటప్పుడు మీరు ఒక చిక్కు గమనిస్తారు. నైఫ్ అన్న మాట విని ‘ఎన్’ కింద వెతికితే దొరకదు. దాని స్పెల్లింగు ‘కె’తో మొదలవుతుంది. తెలుగులో ఈ చిక్కు తక్కువ. పలికినట్టే రాస్తాం, రాసినట్టే వెతుకుతాం.

తక్కువే గాని లేకపోలేదు. బండి ఱ, అరసున్న వాడుకలో నిలవలేదని, వాటిని వదిలేయాలని బ్రౌన్ వాదించారు. పండితులు ఒప్పుకోలేదు. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరంలో అవి రెండూ ఉన్నాయి. ఈ పుస్తకంలో మీకు అవి కనిపించడం లేదు కదా! వాడుక చివరికి బ్రౌన్ వైపే మొగ్గింది.

ఆయన 1855లో ఉద్యోగం విడిచి లండన్ వెళ్ళారు. తరువాత అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న మరణించారు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును కందుకూరి వీరేశలింగం మొదలైనవారు సవరించగా 1903లో మళ్ళీ అచ్చయింది. ఇప్పుడది కంప్యూటరులోనూ ఉంది. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఆయన పేరుతో గ్రంథాలయం నడుస్తోంది.