బడి విడిచిన బాలుడే కళాశాల ప్రిన్సిపాల్: జి.డి. నాయుడు జీవిత ప్రస్థానం

కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తమిళ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబంలో 1893 మార్చి 23న గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించారు. ఆయనకు బడి చదువు రుచించలేదు. ప్రాథమిక స్థాయి దాటకుండానే పాఠశాలకు స్వస్తి పలికారు. అయితే అదే వ్యక్తి అనంతర కాలంలో ఒక ఇంజనీరింగ్ కళాశాలకు ప్రాణం పోశారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. ఆంగ్లేయ అధికారి ఒకరు నడుపుతున్న రడ్జ్ వాహనాన్ని చూసి ముగ్ధుడైన నాయుడు, కోయంబత్తూరులోని ఒక హోటలులో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టి, ఆ వాహనాన్నే కొనుగోలు చేశారు. దానిని భాగాలుగా విప్పి, తిరిగి బిగిస్తూ యంత్ర రహస్యాలను తనంతట తానే గ్రహించారు. ఆ పరిశీలనే ఆయనకు తొలి పాఠశాల అయింది.

పత్తి వ్యాపారంలో గడించిన సొమ్మును బొంబాయిలో పోగొట్టుకున్నా ఆయన కుంగిపోలేదు. పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ తోడ్పాటుతో 1920లో ఒక బస్సు సమకూర్చుకుని, పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా విస్తరించి, 1933 నాటికి సుమారు 280 బస్సుల సంస్థగా ఎదిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి రూపొందించిన విద్యుత్ మోటారు, దేశంలో తయారైన తొలి మోటారుగా పేరొందింది. డ్రై సెల్స్‌తో నడిచే రసంత్ రేజరు కూడా ఆయన సృష్టే.

రవాణా వ్యాపార బాధ్యతల నుంచి 1944లో తప్పుకున్న నాయుడు సాంకేతిక విద్యపై దృష్టి సారించారు. నాటి మద్రాసు గవర్నరు పేరిట ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల 1945లో ఆయన కృషితో వెలిశాయి. ప్రిన్సిపాల్ బాధ్యతలు చేపట్టిన ఆయన, నాలుగేళ్ల కోర్సు కాలహరణమని, కార్యశాలలో పనిచేస్తూ నేర్చుకుంటే రెండేళ్లు చాలునని వాదించారు. బ్రిటిష్ ప్రభుత్వం అందుకు సమ్మతించలేదు. తాను నమ్మిన పద్ధతిని విడనాడలేక, తాను నెలకొల్పిన కళాశాల పదవినే ఆయన వదులుకున్నారు.

శాస్త్ర సిద్ధాంతాలకు తగిన వ్యవధి అవసరమన్న అభిప్రాయమే చివరకు నిలిచింది. నేటికీ ఇంజనీరింగ్ పట్టా నాలుగేళ్లదే. అయితే పట్టభద్రుల చేతికి పని అలవడిందా అన్న ఆయన ప్రశ్నకు మాత్రం కాలదోషం పట్టలేదు.

నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన వదిలి వెళ్లిన కళాశాల ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కోయంబత్తూరులో నేటికీ ఇంజనీర్లను తీర్చిదిద్దుతోంది.