అడవిలోనికి మందతో వెళ్లిన కాపరి

చదువదగిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 34:1–8, హెబ్రీయులకు 11:8–16



మన గుంటూరు ప్రాంతమునకు 1842లో సువార్త తెచ్చిన హయ్యర్ అయ్యగారి పేరు మీరెరుగుదురు. ఆయన 1857లో స్వదేశమునకు మరలిన పిదప అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కొన్ని యేండ్లు సంఘములను కట్టి, 1869లో వృద్ధాప్యమున మరల మనయొద్దకు వచ్చెను. అదే మిన్నెసోటాలో ఒక తరము గడచిన తరువాత సేవ చేసిన మరియొక లూథరన్ కాపరి చరిత్రను ఈ నెల మేము మీ యెదుట పెట్టుచున్నాము. ఆయన పేరు క్రిస్టియన్ సాగ్‌స్టాడ్. కెనడా దేశపు పడమటి తీరమున ఆ పేరు నేటికిని నిలిచియున్నది.

సాగ్‌స్టాడ్ అయ్యగారు 1838లో నార్వే దేశమున జన్మించిరి. ఆ దేశమున సేద్యపు భూమి కొంచెము, కొండలు మెండు. అందుచేత వేలకొలది కుటుంబములు ఓడలెక్కి అమెరికాకు పోయెను. అయ్యగారును అట్లే పోయి, మిన్నెసోటాలోని క్రూక్‌స్టన్ ప్రాంతమున నార్వే రైతులకు కాపరిగా నుండిరి. అక్కడిది చదునైన గోధుమ నేల. ఏటి వరదలు, పంటనష్టములు రైతులను బాధించుచుండెను. 1893లో అమెరికా అంతటను బ్యాంకులు పడిపోయి ధరలు కూలగా, అప్పులలో నున్న కుటుంబములు దిక్కుతోచక నిలిచెను. పట్టణములలోని సారాయి దుకాణములు యువకులను పాడుచేయుటయు అయ్యగారికి వేదన కలిగించెను.

అట్టి సమయమున బెల్లా కూలా అను లోయను గూర్చిన వార్త వారికి వినవచ్చెను. అది బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున, వాంకూవరు పట్టణమునకు వాయవ్యముగా సుమారు 400 కిలోమీటర్ల దూరమున నున్నది. సముద్రపు పాయ ఒకటి కొండల నడుమ దూరముగా చొచ్చుకొనిపోయి, తుదకు ఆ లోయ ముఖమున ఆగును. ఇరువైపుల మంచు కొండలు, నడుమ ఏరు, ఏటి ఒడ్డున దేవదారు వృక్షములు. చూచినవారికి నార్వే దేశమే తోచును. 1894 వేసవిలో అయ్యగారు స్వయముగా పోయి ఆ లోయను చూచి వచ్చిరి. ముప్పది కుటుంబములు వచ్చి స్థిరపడినయెడల కుటుంబమునకు 160 ఎకరముల భూమి ఇచ్చి, బండి బాట వేయింతుమని ప్రభుత్వము ఒప్పుకొనెను.

అయ్యగారు ఎవరిని పడితే వారిని చేర్చుకొనలేదు. కష్టపడి పని చేయువారు, మంచి సాక్ష్యము కలవారు కావలెనని నియమము పెట్టిరి. సారాయి కాచుటగాని తెచ్చుటగాని అమ్ముటగాని ఆ స్థలమున కూడదని కట్టడలో వ్రాసిరి. 1894 అక్టోబరులో సుమారు 84 మంది క్రూక్‌స్టన్ విడిచి రైలులో పడమటి తీరమునకు, అక్కడనుండి ప్రిన్సెస్ లూయిస్ అను పొగయోడలో లోయకు ప్రయాణమైరి. అప్పటికి అయ్యగారికి ఏబదియారేండ్లు. ఆ వయస్సున మనలో అనేకులు బిడ్డల ఇంట విశ్రాంతి కోరుదుము.

అక్టోబరు 30వ తేదీన ఓడ లోయ ముఖమున నిలిచెను. ఓడరేవు కట్ట లేదు. ఒడ్డు చేర్చువారెవరు? ఆ లోయలో అనాదిగా కాపురమున్న నూహాల్క్ జనులు తమ పడవలను తెచ్చి, ఈ క్రొత్తవారిని, వారి పెట్టెలను, మూటలను గట్టుకు చేర్చిరి. ఈ సంగతియొద్ద మనము కొంచెము ఆగవలెను. ఆ జనులు 1862లో మశూచి తెగులువలన తమవారిని విస్తారముగా కోల్పోయిరి. తమ భూమిని ఏ ఒడంబడికవలనను వారు ప్రభుత్వమునకు వ్రాసియియ్యలేదు. వారిని అడుగకయే ప్రభుత్వము ఆ నేలను కొలిచి యితరులకు పంచెను. సాగ్‌స్టాడ్ అయ్యగారు భక్తిపరులే. అయినను ఆ వరము వెనుక పొరుగువాని నష్టమున్నదని మేము దాచుట న్యాయము కాదు. నాబోతు ద్రాక్షతోటను గూర్చి చదివిన మనము దీనిని తేలికగా దాటరాదు.

షిలోహులో యెహోషువ చేసినట్లు, వచ్చినవారు చీట్లు వేసి భూమి పంచుకొనిరి. మొదటి చలికాలము గుడారములలో గడచెను. ఎడతెగని వాన, పిదప మంచు. నేల కనబడనంతగా చెట్లు. అక్కడి మానులు మొదట మిక్కిలి లావుగా నుండును గనుక మనుష్యులు నేలమీద నిలిచి కోయలేరు. మానుకు ఎత్తున గంటు పెట్టి, అందు పలక దూర్చి, ఇద్దరు చెరియొక పలకమీద నిలిచి పొడవైన రంపము లాగుదురు. చెట్టు కూలినను పని తీరదు. మోడులను కాల్చి, వేళ్లను త్రవ్వి, అప్పుడు గదా దుంపలు నాటవలెను! నార్వే పద్ధతిని దుంగలను చెక్కి, మూలలు బిగించి వారు ఇండ్లు కట్టుకొనిరి. బాట పనిలో దొరకిన కూలి అనేక కుటుంబములకు ఆహారమాయెను.

పొలము మాత్రమే జీవనమునకు చాలనందున పురుషులు చేపల పనికిని, తీరమునందలి కలప మకాములకును పోవుచుండిరి. ఆ మకాములలో కూలీలు ఒకే పొడవైన కొట్టములో వరుస మంచములమీద పండుకొందురు. నడుమ పొయ్యి, దానిపైన తడిసిన బట్టలు. కొండవాలున జారు దుంగ ఒకటి చాలును, మనుష్యుని ప్రాణము పోవుటకు. లెబానోను మ్రానులను హీరాము తెప్పలుగా కట్టించి సముద్రముమీద పంపినట్లే, వారును దుంగలను తెప్పలు కట్టి నీటిమీద మిల్లులకు సాగించిరి. ఆదివారము లేని, ఆలుబిడ్డలు లేని అట్టి చోట్ల కూలి డబ్బు సారాయికి పోవుట సులభము. అయ్యగారి కట్టడ ఎంత అవసరమో ఇప్పుడు తెలియుచున్నది గదా!

1895లో మరికొందరు వచ్చి చేరిరి. కొందరు నిరాశపడి విడిచిపోయిరి. 1897లో అయ్యగారు ఆ లోయలోనే ప్రభువునందు నిద్రించిరి. వచ్చి మూడేండ్లయినను నిండలేదు. పొలములు ఇంకను మోడులతో నిండియుండెను. అక్కడివారు హాగెన్స్‌బోర్గ్‌లో ఆలయము కట్టినది 1904లో. ఆయన దానిని చూడలేదు. కొండలు దాటి బయటి లోకమునకు పోవు బాటనైతే ఆయన బిడ్డల తరమువారును బహుకాలము చూడలేదు. కొండ మిక్కిలి నిటారు గనుక అది సాధ్యము కాదని అధికారులు చెప్పగా, 1952లో లోయవారే పూనుకొనిరి. పైనుండి ఒక బుల్‌డోజరు, క్రిందనుండి ఒకటి బండలను పగులగొట్టుచు సాగి, 1953 సెప్టెంబరులో రెండును ఎదురెదురుగా వచ్చి కలిసికొనెను. కాపరి మరణించి అప్పటికి 56 సంవత్సరములు.

ప్రియులారా, మోషే నెబో కొండమీదనుండి దేశమును చూచెను గాని ప్రవేశింపలేదు. సాగ్‌స్టాడ్ ప్రవేశించెను గాని ఫలము చూడలేదు. మన ఊళ్లలోను తాతలు పిడికెడు బియ్యము దాచి మొదలుపెట్టిన ఆలయ గోడలు, సగములో నిలిచిన సమాధుల తోట బాటలు లేవా? వాటిని ముగించుట ఎవరి పని? మరియు మనలను గట్టుకు చేర్చిన పొరుగువారిని మరచితిమా? మన పొలపు గట్టు వారి హక్కుమీద జరిగినదా? ఈ రెండు ప్రశ్నలను ఈ నెల కుటుంబ ప్రార్థనలో ప్రభువు సన్నిధిని పెట్టుడని మేము వేడుకొనుచున్నాము.

ఆ లోయకు ఎగువన నిలిచిన ఒక మంచు శిఖరమునకు నేడు సాగ్‌స్టాడ్ అను పేరున్నది. దాని క్రింద నూహాల్క్ జనులును, ఆనాటి వలస కుటుంబముల సంతతివారును పక్కపక్కన కాపురముండి, అదే ఏటి నీళ్లు త్రాగుచున్నారు.