రైతుల శిష్యుడు – సర్ ఆల్బర్ట్ హోవర్డ్

1840లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ వ్యవసాయ రసాయనశాస్త్రంపై ఒక గ్రంథం వెలువరించాడు. మొక్కకు ఆహారం ఖనిజలవణాలేననీ, పంట వెంట నేల కోల్పోయిన లవణాలను లెక్కగట్టి తిరిగి చల్లితే సాగుకు లోటుండదనీ ఆ తరువాతి పండితులు విశ్వసించసాగారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన పిదప, మందుగుండు కోసం నత్రజనిని తయారుచేసిన కర్మాగారాలు ఎరువుల తయారీకి మళ్ళాయి. దానితో ఆ విశ్వాసానికి వ్యాపారబలం కూడా తోడయింది. నేలను లవణాలు దాచిన కొట్టుగా భావించే ఈ దృష్టిని తుదిశ్వాస వరకు ఎదిరించిన శాస్త్రవేత్త సర్ ఆల్బర్ట్ హోవర్డ్. ఆయనకు ఆ ధైర్యాన్నిచ్చిన పాఠాలలో పెక్కింటిని నేర్పినవారు బీహారు రైతులు.

హోవర్డ్ 1873వ సంవత్సరం డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, బిషప్స్ కాజిల్ అనే చోట ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. నాగలి, పశువులు, గడ్డివాములు ఆయనకు పుస్తకాలకన్న ముందే పరిచయం. లండనులోను, కేంబ్రిడ్జిలోను ప్రకృతిశాస్త్రాలు అభ్యసించి, 1899లో వెస్టిండీస్ దీవులకు వెళ్ళి చెరకు మొదలైన పంటల తెగుళ్ళను పరిశోధించాడు. అక్కడ ఆయనను ఒక అసంతృప్తి వేధించింది. సూక్ష్మదర్శిని క్రింద శిలీంధ్రాన్ని చూసి రైతుకు సలహా చెప్పడమే తప్ప, ఆ సలహాను ముందుగా తానే ఆచరించి చూసేందుకు ఆయన చేతిలో సెంటు భూమి లేదు. తరువాత ఇంగ్లండులోని వై వ్యవసాయ కళాశాలలో రెండేళ్ళు హాప్స్ అనే తీగపంటపై పనిచేశాడు.

1905లో భారతదేశానికి రావడంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. బీహారులోని పూసాలో అప్పుడే నెలకొన్న వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆర్థిక వృక్షశాస్త్రవేత్తగా ఆయన నియమితుడయ్యాడు. ఆ ఏడాదే బొంబాయిలో గాబ్రియేల్ మాథేయిని వివాహం చేసుకొన్నాడు. ఆమె భర్తకు సహాయకురాలు మాత్రమే అనుకోవడం పొరపాటు. ఆకులలో జరిగే కిరణజన్యసంయోగక్రియపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని గూర్చి కేంబ్రిడ్జిలో పరిశోధించి, అప్పటికే శాస్త్రలోకంలో పేరు గడించిన విదుషి ఆమె. పూసాలో వెలువడిన ప్రసిద్ధమైన గోధుమ రకాలు ఇద్దరి కృషి ఫలితాలు. వాటిలో పూసా 4, పూసా 12 అనేవి ఉత్తరభారతంలో విస్తారంగా సాగయ్యాయి.

పూసాలో హోవర్డ్ తనకంటూ 75 ఎకరాలు సంపాదించుకొన్నాడు. ఎలా సాగుచేయాలో తెలుసుకోవడానికి ఆయన చుట్టుప్రక్కల పొలాలవైపు చూశాడు. ఆ పొలాలు రసాయనిక ఎరువులను గాని, పురుగుమందులను గాని ఎరుగవు. అయినా పైరు పచ్చగా ఉంది, తెగుళ్ళు స్వల్పం. రైతులు జొన్నలో కందిని, గోధుమలో శనగను కలిపి చల్లేవారు. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయన్న సంగతిని ఐరోపా శాస్త్రజ్ఞులు ముప్పై ఏళ్ళ వాదోపవాదాల తరువాత 1888 నాటికి అంగీకరించారు. ఆ వాదాలతో పనిలేకుండానే రైతు తన చేనిలో ఆ ఫలితాన్ని తరతరాలుగా అనుభవిస్తున్నాడు. పాలకజాతికి చెందిన అధికారి, అక్షరజ్ఞానం లేని రైతును గురువుగా స్వీకరించడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. హోవర్డ్ రైతులతోపాటు చీడపీడలను కూడా తన ఆచార్యుల కోవలో చేర్చాడు. పురుగు పట్టిందంటే ఆ నేలకు తగని విత్తనమో, సాగులో లోపమో ఉన్నదని అది చెబుతున్నట్లేనని ఆయన భావించాడు. పురుగును చంపడంకన్న ఆ లోపాన్ని వెతకడమే ఆయనకు ముఖ్యమయింది.

మన్ను లోపల జరిగేదానిని కళ్ళారా చూడాలని ఆ దంపతులు పండ్లచెట్ల వేళ్ళచుట్టూ ఉన్న మట్టిని తొలగించి పరిశీలించారు. పైపొరలో పరచుకొన్న వేళ్ళు, లోతుకు దిగిన వేళ్ళు వేర్వేరు ఋతువులలో పనిచేస్తున్నాయని గ్రహించారు. వానకాలంలో భూగర్భజలం పైకి ఉబికినప్పుడు క్రిందివేళ్ళకు గాలి అందదు. అప్పుడు పైవేళ్ళే చెట్టును పోషిస్తాయి. పైన గడ్డి దట్టంగా పెరిగితే వాటికీ ఊపిరాడదు. వేరుకు నీటితోపాటు గాలి కూడా కావాలన్న ఈ సత్యం, నేలను లవణాల లెక్కగా మాత్రమే చూసినవారికి తట్టలేదు.

అయితే పూసా సంస్థలో వృక్షశాస్త్రం ఒక శాఖ, రసాయనం ఒక శాఖ, శిలీంధ్రాలు ఒక శాఖ, కీటకాలు మరొక శాఖ. పైరు ఒక్కటే అయినా దానిని నలుగురు నాలుగు ముక్కలుగా పంచుకొన్నారు. విత్తనం మొదలు ఎరువు వరకు సమగ్రంగా పరిశోధించే అవకాశం అక్కడ దొరకదని తేలిపోయింది. 1924లో ఇండోరులో, హోల్కర్ సంస్థానం కేటాయించిన 300 ఎకరాలలో హోవర్డ్ కొత్త సంస్థను నెలకొల్పాడు. భారత కేంద్ర ప్రత్తి సంఘం, కొన్ని దేశీయ సంస్థానాలు ధనసహాయం చేశాయి. ఇండోరు నేల మన నల్లరేగడి వంటిదే. ఈ జాతి నేలలను ఇంగ్లీషు గ్రంథాలు వ్యవహరించే రెగర్ అన్న పేరు మన రేగడి నుండి వెళ్ళినదే.

రేగడికి జీవం పోయాలంటే సేంద్రియ ఎరువు కావాలి. పేడలో ఎక్కువభాగం పిడకలై పొయ్యిలోకి పోతున్నది. పత్తికట్టె, కందికట్టె గట్టివి, సులభంగా కుళ్ళవు. హోవర్డ్, ఆయన సహచరుడు యశ్వంత్ వాడ్ ఈ చిక్కును విప్పిన తీరులో పల్లెటూరి తెలివి కనిపిస్తుంది. కట్టెను బండ్లబాటపై పరిపించి బండిచక్రాల క్రింద నలగనిచ్చారు. నలిగిన చెత్తను పశువులకు పడకగా వేశారు. మూత్రం ఇంకిన కొట్టపు మట్టిని, పేడను, కట్టెబూడిదను ఆ చెత్తతో కలిపి పొరలు పొరలుగా గుంటలలో పేర్చారు. పులిసేటప్పుడు పుట్టే ఆమ్లాన్ని మట్టి, బూడిద విరుస్తాయి. తడి ఎక్కువైతే గాలి ఆడదు, తక్కువైతే పని ఆగుతుంది. అందుచేత ముద్ద ఎప్పుడూ పిండిన స్పంజిలా ఉండాలి. మొదట శిలీంధ్రాలు గట్టి పదార్థాలను ఛేదిస్తాయి, ఆపై బాక్టీరియా అందుకొంటుంది; కుప్ప వేడెక్కుతుంది. నడుమ మూడు పర్యాయాలు తిరగవేస్తే, దాదాపు మూడు నెలలకు నల్లని, మట్టివాసన వేసే హ్యూమస్ సిద్ధమవుతుంది. ఇదే ఇండోరు పద్ధతి. 1931లో హోవర్డ్, వాడ్ కలిసి దీనిని గ్రంథంగా ప్రకటించారు. బెంగాలు తేయాకు తోటలు, కెన్యా కాఫీ తోటలు దీనిని అనుసరించాయి.

గ్రంథం వెలువడడానికి ముందటి ఏడు, అంటే 1930లో, గాబ్రియేల్ మరణించింది. హోవర్డ్ 1931లో ఉద్యోగవిరమణ చేసి స్వదేశం చేరుకొన్నాడు. ఆమె సోదరి లూయీజ్‌ను వివాహమాడాడు. 1934లో సర్ బిరుదు లభించింది. 1940లో ఆయన వ్యవసాయశాసనం వంటి ప్రధాన గ్రంథం వెలువడింది. అడవిలో దున్నేవారు, ఎరువు వేసేవారు లేకున్నా నేల సారం తరగడం లేదు. రాలినదంతా తిరిగి నేలకే చేరుతున్నది. చేను నుండి తీసినదానిని చేనుకే అప్పగించాలన్న ధర్మానికి ఆయన అడవిని ప్రమాణంగా చూపాడు. వేళ్ళతో పెనవేసుకొని జీవించే మైకోరైజా శిలీంధ్రాలు నేలకూ మొక్కకూ వారధి అని నొక్కిచెప్పాడు. నేడు ఆ శిలీంధ్రాల ప్రాముఖ్యం సర్వాంగీకృతం. నేలమీద పెరిగే మొక్కలలో అధికభాగం వాటి సహవాసంతోనే బ్రతుకుతున్నాయని తేలింది.

ఆయన చెప్పినదంతా నిలిచిందని మాత్రం చెప్పలేము. హ్యూమస్ గల నేలపై పెరిగిన మేత తిన్నందువల్లనే, గాలికుంటు సోకిన పశువులతో మూతులు రాసుకొన్నా తన ఎద్దులకు ఆ వ్యాధి అంటలేదని ఆయన నమ్మాడు. అది ఒక పరిశీలన, రుజువు కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుండి కొనసాగుతున్న బ్రాడ్‌బాక్ గోధుమ మడులలో, రసాయనాలు మాత్రమే పొందిన మడులు కూడా మంచి దిగుబడులు ఇస్తూ వచ్చాయి. విత్తనం ప్రతియేడూ బయటినుండి తెస్తున్నారు గనుక ఆ ప్రయోగం చెల్లదని హోవర్డ్ వాదించాడు. ఆ వాదం ప్రత్యర్థులను ఒప్పించలేదు. అయితే పశువుల ఎరువు వేసిన మడి మట్టిలో సేంద్రియ కర్బనం రసాయన మడులకన్న ఎంతో అధికమని అదే ప్రయోగం తేల్చింది. నేడు ప్రపంచ జనాభాలో దాదాపు సగంమంది తిండి కృత్రిమ నత్రజనిపై ఆధారపడి ఉన్నదని అంచనా. ఆ నత్రజనిని ఒక్కసారిగా విడిచిపెట్టడం సాధ్యం కాదు. కర్బనం తరిగిన నేలతో ఎంతకాలం నెట్టుకురాగలమన్న హోవర్డ్ ప్రశ్నను త్రోసివేయడమూ సాధ్యం కాదు.

1947 అక్టోబరు 20న హోవర్డ్ మరణించాడు. ఆయన భావాలు ఇంగ్లండులో ఈవ్ బాల్ఫర్‌ను, అమెరికాలో రోడేల్‌ను ప్రభావితం చేసి సేంద్రియ వ్యవసాయోద్యమానికి పునాదులయ్యాయి. 1953లో లూయీజ్ ఆయన భారతదేశ జీవితాన్ని గూర్చి ఒక గ్రంథం రచించింది. పూసా, ఇండోరు పరిశోధనలలో తన అక్కగారి పాలు ఎంతటిదో అందులో ఆమె వివరంగా నమోదు చేసింది.