మాటల చుట్టరికం చెప్పిన ఉస్తాద్ – ఇబ్నె దురైద్

మన ఇండ్లల్లో భూకంపాన్ని జల్జలా అంటాం. కాలు జారడానికీ ఆ మాటకూ ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. ఉర్దూ బడుల్లో పాఠాలు చెప్పుకునే మేము, అటువంటి చుట్టరికాలను ఒకచోట చేర్చిన ఒక పెద్ద ఉస్తాద్ గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం.

ఇబ్నె దురైద్ క్రీ.శ. 838లో బస్రా నగరంలో పుట్టారు. అబూ హాతిం సిజిస్తానీ, రియాషీ వంటి పండితుల దగ్గర అరబ్బీ నేర్చుకున్నారు. 871లో జంజ్ తిరుగుబాటుదారులు బస్రాపై పడ్డప్పుడు రియాషీ హతులయ్యారు. ఇబ్నె దురైద్ తన చాచా వెంట ఒమాన్‌కు పోయి, పన్నెండేండ్లు అక్కడే తలదాచుకున్నారు. ఆ తర్వాత ఫార్స్‌లో మీకాలీ పెద్దల కొలువులో చేరి, వారి కోసం 'జమ్హరతుల్ లుగా' అనే నిఘంటువు చెప్పి రాయించారు. చాలామటుకు జ్ఞాపకం మీదనే చెప్పారు.

అరబ్బీలో మాటలకు మూలాక్షరాలుంటాయి. జే, లామ్ అక్షరాల నుంచి పుట్టిన 'జల్ల' అంటే జారడం. మనిషి నడతలో జారితే 'జల్లత్', అంటే పొరపాటు. ఆ రెండక్షరాలనే మళ్లీ పలికితే 'జల్జలా', నేల పదేపదే అదరడం. గొంతులో హాయిగా జారే తేట నీళ్లు 'జులాల్'. చివర మరో అక్షరం చేరితే 'జలఖ్', కాలు నిలువని జారుడు నేల. 'మిజ్లాజ్', తలుపుకు జరిపి వేసే గడియ. అక్షరాలను తిరగేసి పక్కనే చూపడం ఇబ్నె దురైద్ పద్ధతి. జల్లను తిరగేస్తే 'లజ్జ', అంటే అంటిపెట్టుకొని ఉండడం. మన తెలుగు లజ్జ వేరు సుమా!

నోటితో చెప్పిన గ్రంథం గనుక ఒక ప్రతికీ ఇంకో ప్రతికీ తేడాలు వచ్చినయి. ఖలీల్ నిఘంటువునే మార్చి రాశారని నింద వేసినవారూ ఉన్నారు. ఆయన మాత్రం పాఠం మానలేదు. 920లో బగ్దాద్ చేరారు. ఖలీఫా ముఖ్తదిర్ నెలకు 50 దీనార్లు ఇప్పించారు. తొంభై ఏండ్ల వయసులో పక్షవాతం వచ్చింది. కోలుకొని మళ్లీ పాఠం చెప్పారు. జబ్బు తిరగబెట్టి ఒళ్లు కదలకపోయినా, శిష్యులు అడిగిన మాటకు అర్థం చెబుతూనే ఉన్నారు. 933లో బగ్దాద్‌లోనే కన్నుమూశారు.

ఆ నిఘంటువు మొదట అచ్చయింది మన హైదరాబాద్‌లోనే. మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు వచ్చిందో ఆ ఆరవ నిజాం కాలంలో, 1888లో ఏర్పడ్డ దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ దాన్ని హిజ్రీ 1344 (1925-26) నుంచి సంపుటాలుగా వెలువరించింది.

మన పిల్లలు మాటకు అర్థం కంఠతా పట్టి ఊరుకోకుండా, దాని మూలం ఏమిటని అడగాలి. ఒక్క మాట అడిగితే నాలుగు మాటలు చేతికొస్తయి.