ఒంటికంటి వైమానికుడు వైలీ పోస్టు

ఆత్మకూరు ప్రాంతపు బాలురకు ప్రత్తిచేను క్రొత్త గాదు. అట్టి చేలలో పెరిగిన యొక రైతుబిడ్డ మేఘములకు పైన మానవుడు ధరింపదగిన వస్త్రమును లోకమునకు సంపాదించి యిచ్చెను.

వైలీ పోస్టు 1898 సం. నవంబరు 22వ తేదీన అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున జన్మించెను. చదువు సాగలేదు. 1921లో దారిదోపిడి నేరమునకై కారాగారమునకు పోయెను. చరిత్రకారులిట్టివి దాచుట కలదు గాని యది న్యాయము కాదు. 1926లో నూనెబావికడ పనిచేయుచుండగా ఇనుపతునక తగిలి యెడమకన్ను పోయెను. దానికై వచ్చిన పరిహారపు సొమ్ముతో నితడు విమానమును కొనెను! ఒంటికంటితో దూరమును కనుగొనుట నభ్యసించి, 1933లో ఏకాకిగా 7 దినముల 18 గంటల 49 నిమిషములలో భూగోళమును చుట్టివచ్చెను. అట్లు ఒంటరిగా చుట్టినవారిలో నితడే ప్రథముడు.

అంతట నింకను పైకెగురవలెనని సంకల్పము కలిగెను. 40,000 అడుగుల యెత్తున గాలి పీడనము భూమిమీది దానిలో నైదవవంతైనను ఉండదు. అతని 'విన్నీ మే' కొయ్యవిమానమగుటచే లోపల గాలిని బిగించి నిలుపుట కలుగదు. కావున విమానమునకు బదులు తన యుడుపులోనే గాలిని నింపదలచెను.

1934లో గుడ్రిచ్ అను రబ్బరు కంపెనీవారు పనికి పూనుకొనిరి. మొదటి వస్త్రము పరీక్షయందే పీడనమునకు తాళలేకపోయెను. రెండవది మిక్కిలి బిగువై, పోస్టు దానిలో చిక్కుకొనగా, కత్తిరించి యతనిని వెలికి తీయవలసివచ్చెను. ఎంత నవ్వుబాటు! అయినను రసెల్ కాలీ యను ఇంజనీరు నిరుత్సాహపడక మూడవదానిని కుట్టించెను. లోపల గాలి నిలుపుటకు రబ్బరుతిత్తి; అది బుడగవలె నుబ్బకుండ పైన గట్టిగుడ్డ; తలకు గుండ్రని కిటికీగల అల్యూమినియపు శిరస్త్రాణము. గాలి నిండినప్పుడు అవయవములు కొయ్యబారునని యెరిగి, వైమానికుడు కూర్చుండు భంగిమలోనే కాళ్లు చేతులు మలచిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన పోస్టు దానిని ధరించి షికాగో నగరముపై 40,000 అడుగుల కెగిరెను. 1935 మార్చిలో ఉపరితలపు పెనుగాలి తోడ్పడగా 2,035 మైళ్లను 7 గంటల 19 నిమిషములలో దాటెను.

అదే యేడు ఆగస్టు 15వ తేదీన అలాస్కాలో వేరొక విమానము కూలి, హాస్యరచయిత విల్ రోజర్సుతో గూడ మరణించెను. వయస్సు 36 ఏండ్లు.

కాలీ యా పనిని విడువలేదు. 1961లో అంతరిక్షమున కెగిరిన షెపర్డు ధరించిన వస్త్రమును గుడ్రిచ్ వారే చేసిరి. దాని రూపకల్పనయందు కాలీ హస్తము కలదు.

పోస్టు ధరించిన మూడవ వస్త్రము స్మిత్‌సోనియన్ సంగ్రహాలయమున నేటికిని కలదు. మన యిండ్లలో పాత సైకిలు ట్యూబు బీటలువారుట చూచుచున్నాము గదా! రబ్బరు ఏ దేశమందైనను అంతే, పెళుసై పొడియగును. అందువలన అట్టి వస్త్రములను సంగ్రహాలయమువారు చల్లని తావున, వెలుతురు సోకనీయక, కాపాడుచున్నారు. కత్తెరపాలైన రెండవ వస్త్రము వృత్తాంతమును మాత్రము కాగితములు కాపాడుచున్నవి.