వేడి లెక్క, చప్పుడు లెక్క: జోసెఫ్ ఫోరియర్

మన కాలేజీలో ఫోరియర్ పేరు వినని బ్రాంచి లేదు. మెకానికల్ వాళ్ళకి హీట్ ట్రాన్స్‌ఫర్ మొదలవగానే ఫోరియర్ సూత్రం ఎదురవుతుంది. ఈసీఈ వాళ్ళకి సిగ్నల్స్‌లో ఫోరియర్ సిరీస్, ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్. మిగతావాళ్ళకి మ్యాథ్స్ పేపర్లో తప్పించుకోలేని ఒక ప్రశ్న. వీళ్ళు ఇద్దరు వేరు వేరు మనుషులనుకునేవాళ్ళు మా హాస్టల్లోనే ఉన్నారు. కాదండీ, ఒక్కరే. పైగా ఒకే సమస్యతో కుస్తీ పడుతూ ఆ రెండూ సాధించాడాయన.

ఓవర్‌క్లాక్ చేసిన డెస్క్‌టాప్‌ని చల్లగా ఉంచాలి, చప్పుడూ రాకూడదు అని తంటాలు పడేవాళ్ళకి ఈ పెద్దమనిషి మరీ అవసరం. అందుకే ఆయన కథ రాస్తున్నాను.

జోసెఫ్ ఫోరియర్ 1768 మార్చి 21న ఫ్రాన్స్‌లోని ఒసేర్ అనే ఊళ్ళో పుట్టాడు. నాన్న దర్జీ. పదేళ్ళ వయసు దాటేలోపే అమ్మా పోయింది, నాన్నా పోయాడు. క్రైస్తవ సన్యాసులు నడిపే మిలిటరీ స్కూల్లో చదువు దొరికింది. అక్కడ లెక్కల పిచ్చి పట్టుకుంది. రాత్రిళ్ళు చదువుకోవడానికి కాలిపోగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏరి దాచుకునేవాడని చెబుతారు. ఫిరంగి దళంలో చేరదామంటే పెద్దింట్లో పుట్టలేదని రానివ్వలేదు. కొన్నాళ్ళు మఠంలో ఉన్నాడు, అది ఒంటబట్టలేదు, తిరిగొచ్చి చదివిన బడిలోనే పంతులయ్యాడు.

ఈలోగా ఫ్రెంచి విప్లవం వచ్చింది. స్థానిక విప్లవ కమిటీలో చేరాడు. 1794లో ఆ విప్లవమే ఆయన్ని జైల్లో పెట్టింది. గిలటిన్ కింద తలలు తెగుతున్న రోజులవి. జూలై చివర్లో రోబెస్పియర్ తలే తెగింది, ఫోరియర్ బయటపడ్డాడు. అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు, అంటే మనకి నాలుగైదేళ్ళు పెద్ద, అంతే.

తర్వాత పారిస్‌లో లగ్రాంజ్, లాప్లాస్ లాంటి మహామహుల దగ్గర చదివాడు. ఎకోల్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పాడు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్ళాడు. తిరిగొచ్చాక 1802లో నెపోలియన్ ఆయన్ని గ్రెనోబుల్‌కి ప్రిఫెక్ట్‌గా పంపాడు. మన లెక్కలో జిల్లా కలెక్టరన్నమాట. చిత్తడి నేలల్లో నీళ్ళు తీయించాడు, ఇటలీలోని టురిన్ వైపు కొండల మీదుగా రోడ్డు పని చేయించాడు. ఆ ఫైళ్ళ మధ్యలోనే వేడి మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు.

అసలు వేడి అంటే ఏమిటన్నది అప్పట్లో పెద్ద గొడవ. ఫోరియర్ ఆ గొడవ పక్కన పెట్టేశాడు. వేడి ఎటు పోతుంది, ఎంత జోరుగా పోతుంది, ఇదొక్కటే ఆయన ప్రశ్న. ఇనుప కడియాన్ని కాల్చి, దాని చుట్టూ థర్మామీటర్లు పెట్టి, చల్లారేకొద్దీ కొలిచాడు. తేలిన సూత్రం ఇది: రెండు చివరల మధ్య ఉష్ణోగ్రత తేడా, వేడి దాటే వైశాల్యం, వస్తువు వాహకత ఎంత ఎక్కువైతే వేడి అంత జోరుగా పోతుంది. మందం పెరిగితే తగ్గుతుంది.

ఆ సమీకరణాన్ని సాధించడానికి ఆయన వేసిన ఎత్తు ఇంకా పెద్దది. కడియంలో వేడి ఎంత అడ్డదిడ్డంగా పరుచుకున్నా సరే, దాన్ని సైన్, కొసైన్ అలల మొత్తంగా రాయొచ్చన్నాడు. ఒక్కో అల తన వేగంతో తాను చల్లారుతుంది. బిగుతైన అలలు ముందు మాయమవుతాయి, పొడుగు అలలు నెమ్మదిగా.

1807 డిసెంబరులో ఈ పరిశోధనని పారిస్ ఇన్‌స్టిట్యూట్‌కి సమర్పించాడు. పరీక్షించినవాళ్ళలో లగ్రాంజ్, లాప్లాస్ ఉన్నారు, అంటే పాత గురువులే. ఏ ఫంక్షన్‌నైనా అలల మొత్తంగా రాయొచ్చంటే లగ్రాంజ్ ఒప్పుకోలేదు. ప్రచురణ ఆగిపోయింది. తర్వాత అదే విషయం మీద ఇన్‌స్టిట్యూట్ పోటీ పెడితే 1811లో మళ్ళీ రాసి పంపాడు. బహుమతి వచ్చింది. దాంతోపాటే రుజువులు గట్టిగా లేవన్న మాటా వచ్చింది. మళ్ళీ అచ్చు కాలేదు. నెపోలియన్ పడిపోయాక పదవీ పోయింది. చివరికి 1822లో ఆయన పుస్తకం బయటికొచ్చింది. పదిహేనేళ్ళు! మనకి రివ్యూలో ప్రాజెక్టు ఒక్కసారి తిప్పికొడితేనే మూడు రోజులు అన్నం సయించదు.

గురువుల అభ్యంతరంలోనూ నిజం ఉంది. ఆ మొత్తం ఎప్పుడు సరిగ్గా కుదురుతుందో 1829లో డిరిక్లే రుజువు చేశాడు. మనం బట్టీ పట్టే డిరిక్లే కండిషన్స్ అవే. పారిస్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ డిరిక్లేని ప్రోత్సహించింది కూడా ఫోరియరే.

ఇక మా ఇంటి సంగతి. మాది కొయ్యూరు. అల్లూరి సీతారామరాజు గారు 1924 మే 7న ప్రాణాలు విడిచిన ఊరుగా మీకు తెలిసే ఉంటుంది. ఏజెన్సీ అనగానే అందరూ లంబసింగి చలి అనుకుంటారు గానీ మా ఊరు కొండల దిగువన ఉంది, మే నెలలో ఉక్కపోసేస్తుంది. నా డెస్క్‌టాప్ ఉన్న గదిలోనే నాయనమ్మ పడుకుంటుంది. ఫైనలియర్ ప్రాజెక్టుకి ప్రోగ్రామ్ రాత్రంతా నడవాలి. నాయనమ్మకి నిద్ర పట్టాలి. రెండిట్లో ఏదీ వదులుకునేది కాదు.

ముందు వేడి. ప్రాసెసర్ లాగే కరెంటు క్లాకుతో పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గంలో పెరుగుతుంది. రెండూ 10 శాతం పెంచితే వేడి దాదాపు 33 శాతం పెరుగుతుంది. కాబట్టి పెంచిన క్లాకు తట్టుకునే అతి తక్కువ వోల్టేజీ వెతకడమే మొదటి పని, పైసా ఖర్చు లేదు. తర్వాత ఫోరియర్ సూత్రం. వాహకత రాగికి 400 దాకా, అల్యూమినియానికి 200 పైన, గాలికి 0.026. థర్మల్ పేస్టుకి మహా అయితే కొన్ని యూనిట్లు. అందుకే పేస్టు గాలి సందుల్ని పూడ్చేంత పలచగా ఉండాలి, పచ్చడిలా దట్టించకూడదు. హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి దూరదు, దానికి దుప్పటి కప్పినట్టే. ఇంకోటి, గాలితో చల్లార్చేటప్పుడు ప్రాసెసర్ గదికంటే చల్లగా ఎప్పటికీ అవ్వదు. గది కంటే 45 డిగ్రీలు ఎక్కువ ఉండే మెషీన్ 28 డిగ్రీల గదిలో 73 చూపిస్తే, 38 డిగ్రీల గదిలో 83 చూపిస్తుంది. డిసెంబరు సెట్టింగులు మే నెలకి పనికిరావు.

ఇప్పుడు చప్పుడు. ఫోన్లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ వేసి మంచం దగ్గర పెట్టాను. అది చేసేది ఫోరియర్ పనే, కలగాపులగం శబ్దాన్ని అలలుగా విడదీయడం. రెండు శిఖరాలు కనబడ్డాయి. ఒకటి 140 హెర్ట్జ్ దగ్గర. నా ఫ్యానుకి ఏడు రెక్కలు, నిమిషానికి 1200 తిరుగుళ్ళు, అంటే సెకనుకి 20. ఏడిరవైలు 140, దొంగ దొరికాడు. రెండోది 100 దగ్గర. అది కంప్యూటర్ది కానే కాదు, గోడ పక్కనున్న స్టెబిలైజర్ది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపు దగ్గర గుంయ్‌మంటుంది. దాన్ని వసారాలోకి మార్చి కింద మడతపెట్టిన గోనెసంచి వేశాం. ఆ శిఖరం పోయింది.

ఫ్యాను వేగం 1200 నుంచి 800కి దించితే చప్పుడు దాదాపు 9 డెసిబెళ్ళు తగ్గుతుంది. గాలి తగ్గుతుంది కదా అంటారా? అలాంటిదే ఇంకో ఫ్యాను పెడితే చప్పుడు 3 డెసిబెళ్ళే పెరుగుతుంది. మొత్తం మీద 6 లాభం, గాలికి పెద్ద అడ్డు లేకపోతే మునుపటికంటే ఎక్కువే వీస్తుంది. ఒక్క ఫ్యాను పరిగెత్తే బదులు రెండు నడవడం మేలు. ఆ వారం ప్రోగ్రామ్ తెల్లవార్లూ నడిచింది. నాయనమ్మ కోడి కూసేదాకా లేవలేదు.

విచిత్రమేమిటంటే, చల్లార్చే లెక్క నేర్పిన ఫోరియర్‌కి చలంటే పడేది కాదు. ఈజిప్టు నుంచి వచ్చాక ఒంటికి వెచ్చదనం మంచిదని గట్టిగా నమ్మాడట. గది వేడిగా ఉంచుకుని, ఉన్ని బట్టలు చుట్టుకుని కూర్చునేవాడట. 1824లో ఆయన లెక్క భూమి దాకా వెళ్ళింది. సూర్యుడి వెలుగు లోపలికి వచ్చినంత సులువుగా భూమి వేడి వాతావరణం దాటి బయటికి పోలేదని గమనించాడు. ఈనాటి గ్రీన్‌హౌస్ చర్చకి అదొక మొదలు.

1830 మే మొదట్లో మెట్ల మీద పడిపోయాడు. మే 16న పారిస్‌లో చనిపోయాడు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఒకటి. ఆయన అలల లెక్కని కంప్యూటర్ చకచకా చేసే పద్ధతిని కూలీ, ట్యూకీ 1965లో ప్రచురించారు. నా ఫోన్లో యాప్ నడిచేది అలాంటి పద్ధతితోనే. మీ గదిలో ఫ్యాను గోల పెడుతుంటే కొత్త కూలర్ కొనేముందు ఒకసారి ఆ యాప్ వేసి చూడండి. శిఖరం ఎక్కడుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.