లాడ్జిలో చెప్పిన మాటను వీధిలో నిలబెట్టాడు.. ఎవరీ ప్రిన్స్ హాల్?

ఫ్రీమేసన్లు అనగానే చాలామందికి గుర్తొచ్చేది మూసిన తలుపులు, రహస్య సంకేతాలు. కానీ 200 ఏళ్ల క్రితం అమెరికాలోని బోస్టన్‌లో ఓ నల్లజాతి తోలుపనివాడు ఈ సంఘంలో నేర్పిన మాటలను తలుపులు దాటించి వీధిలోకి తెచ్చాడు. ఆయనే ప్రిన్స్ హాల్.

ఫ్రీమేసన్లకు చెప్పే ప్రధాన పాఠాలు మూడు. సాటివాడిని సోదరుడిగా చూడాలి, ఆపదలో ఉంటే ఆదుకోవాలి, సత్యానికి కట్టుబడాలి. వినడానికి బాగానే ఉంటాయి. కానీ మనుషులను కొని అమ్మే కాలంలో ఈ మాటలు ఎవరికి వర్తిస్తాయి? హాల్ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది.

1775 మార్చిలో హాల్‌తో పాటు మరో 14 మంది నల్లజాతి వాళ్లు ఫ్రీమేసన్లు అయ్యారు. వీళ్లను చేర్చుకున్నది స్థానిక తెల్లవాళ్ల లాడ్జి కాదు, బ్రిటిష్ సైన్యానికి చెందిన లాడ్జి. ఏడాదికే యుద్ధంలో ఆ సైన్యం బోస్టన్ వదిలి వెళ్లిపోయింది. వీళ్లకు మిగిలింది అరకొర అనుమతే. సమావేశం కావచ్చు, చనిపోయిన సభ్యుడిని సాగనంపొచ్చు. కొత్తవాళ్లను మాత్రం చేర్చుకోకూడదు.

హాల్ ఊరుకోలేదు. ఏకంగా లండన్‌కు అర్జీ పెట్టారు. 1784లో అనుమతి మంజూరైంది. అయితే ఆ పత్రం చేతికందేసరికి 1787 వచ్చేసింది. అలా ఆఫ్రికన్ లాడ్జి నంబర్ 459 పూర్తి హక్కులతో మొదలైంది.

అసలు కథ లాడ్జి బయట ఉంది. 1777లోనే బానిసత్వాన్ని రద్దు చేయాలని మసాచుసెట్స్ చట్టసభకు వెళ్లిన అర్జీపై హాల్ సంతకం చేశారు. ఫలితం లేదు. 1787లో మరో అర్జీ పెట్టారు. మేమూ పన్ను కడుతున్నాం, మరి మా పిల్లలకు చదువేది అన్నది అందులోని సారాంశం. అదీ బుట్టదాఖలే.

1788 ఫిబ్రవరిలో అసలు పరీక్ష ఎదురైంది. పని ఉందని నమ్మించి ముగ్గురు నల్లజాతి స్వతంత్రులను ఓడ ఎక్కించారు. అంతే.. ఓడ కదిలింది. వాళ్లను కరీబియన్ దీవుల్లో బానిసలుగా అమ్మేయాలన్నది ప్లాన్. ఆ ముగ్గురిలో ఒకరు ఫ్రీమేసన్. ఆపదలో ఉన్నవాడిని ఆదుకోవాలన్న పాఠం ఇప్పుడు కాగితం మీద మాట కాదు. హాల్, లాడ్జి సభ్యులు వెంటనే చట్టసభ తలుపు తట్టారు. ఒక్క తమ సభ్యుడి కోసమే కాదు, ముగ్గురి కోసమూ అడిగారు. బానిస వ్యాపారాన్నే ఆపాలన్నారు. క్వేకర్లు, మతబోధకులు కూడా గొంతు కలిపారు. గవర్నర్ జాన్ హాంకాక్ దీవుల అధికారులకు లేఖలు రాశారు. మార్చిలో బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కొన్ని నెలలకు ఆ ముగ్గురూ ప్రాణాలతో బోస్టన్‌లో దిగారు.

అంతటితో కష్టాలు తీరలేదు. రోజూ వీధుల్లో అవమానాలు, దాడులు. 1797లో లాడ్జి సభ్యుల ముందు మాట్లాడుతూ హాల్ వీటిని దాచకుండా చెప్పారు. ఓర్పు పట్టమన్నారు, ఎవరికీ బానిస భయంతో తలొంచొద్దన్నారు. బడి మాటా వదల్లేదు. సర్కారు ఇవ్వని బడిని నల్లజాతి కుటుంబాలే 1798లో ప్రైమస్ హాల్ అనే వ్యక్తి ఇంట్లో మొదలుపెట్టుకున్నాయి.

1807 డిసెంబర్ 4న ప్రిన్స్ హాల్ కన్నుమూశారు. బోస్టన్‌లోని కాప్స్ హిల్ శ్మశానంలో ఆయన స్మారకం ఉంది. ఆయన పెట్టిన సంఘం ప్రిన్స్ హాల్ ఫ్రీమేసన్రీ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. అమెరికా సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ కూడా ఇందులో సభ్యుడే.

హాల్ పెట్టిన అర్జీల్లో చాలావరకు తిరస్కరించినవే. అయినా ప్రతిసారీ ఇంకోటి రాశారు. ఓడ దిగి ఇంటికి చేరిన ఆ ముగ్గురికి, ఆ ఇంకోటి ఎంత విలువైందో బాగా తెలుసు.